వేడి పొట్లం

పాప పక్క గదిలో నిద్రపోయింది. నా పక్కన కాదు, మా తోడికోడలు సరితక్క పక్కన. పోయిన ఏడాది అయితే ఈ మాట రాయడానికి నాకు చెయ్యి వచ్చేది కాదు.

పెద్దపేగు చివర వచ్చిన క్యాన్సర్‌కు ఆపరేషన్ చేయించుకుని, నెలల తరబడి మందు ఎక్కించుకుని, ఇప్పుడు ఇంట్లో ఉన్నాను. చివరి స్కాన్ చూసి డాక్టరమ్మ "ఇప్పటికి ఏమీ కనబడటం లేదు" అంది. మా ఇంట్లో అందరూ "ఏమీ కనబడటం లేదు" అన్నదే విన్నారు. నాకు "ఇప్పటికి" ఒక్కటే వినబడింది. పగలు పనుల్లో పడి ఆ మాటను తోసేస్తాను. దీపాలు ఆర్పాక అది వచ్చి మంచం అంచున కూర్చుంటుంది. అందుకే లేచి ఇలా రాసుకుంటున్నాను. నాలాగే అసలు సంగతి నోటితో చెప్పలేక "వేడి చేసింది" అంటూ సబ్జా నీళ్లు తాగుతున్నవాళ్లు ఎవరైనా ఇది చదివితే, ఒక్కరైనా ఆ గ్లాసు పక్కన పెట్టి దవాఖానకు పోతారన్న ఆశ కూడా ఉంది.

జబ్బు మనిషికి ఓర్పు నేర్పుతుందని అంటారు. నాకు మాత్రం ఈర్ష్య నేర్పింది. దాన్ని దాచి రాస్తే ఇందులో సగం అబద్ధమవుతుంది.

మొదటి ఎండాకాలం

వరంగల్ బజారులో మాది కిరాణా, మూలికల దుకాణం. కింద దుకాణం, పైన ఇల్లు. మామయ్య గల్లా దగ్గర కూర్చుంటాడు. బావగారు, మా ఆయన సరుకు చూసుకుంటారు. అత్తమ్మ పోయి చాలా కాలమైంది. ఇంటి పెత్తనం సరితక్కది. ఆమెకు ఇద్దరూ కొడుకులే. ఆడపిల్ల లేదన్న లోటు ఆమెకు ఎప్పుడూ ఉండేది. నాకు పాప పుట్టగానే నాకంటే ముందు ఆమే ఎత్తుకుంది.

మా దుకాణంలో "వేడి పొట్లం" అని ఒకటి కడతారు. సబ్జా గింజలు, బార్లీ, కలకండ, ఎండు గులాబీ రేకులు. మామయ్య తండ్రి కాలం నుంచీ ఉంది. మలంతో పాటు రక్తం పడుతోందని మా దగ్గర ఎవరూ అనరు. "జర వేడి చేసింది సేటూ" అంటారు. ఎక్కడ చేసింది, ఎట్లా చేసింది అని మామయ్య అడగడు. అడగకపోవడమే మర్యాద. పొట్లం కట్టి చేతిలో పెడతాడు. వాళ్లు ఊరట పడి పోతారు.

పాపకు ఐదో నెల వచ్చేసరికి నాకూ రక్తం కనబడింది. నేను డిగ్రీ సైన్సుతో చదివినదాన్ని. పేగులు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తాయో బొమ్మ గీసి మార్కులు తెచ్చుకున్నదాన్ని. అయినా మామయ్య ముందు నిలబడి నేనన్న మాట, "వేడి చేసినట్టుంది మామయ్యా."

"ఎండలు జూస్తానవు కద బిడ్డా. బాలింత ఒళ్లాయె. గీ పొట్లం నానబెట్టుకొని తాగు, వారంల తక్కువైతది," అన్నాడు.

పైన వంటింట్లో చెబితే సరితక్క నవ్వింది. "చిన్నోడు పుట్టినప్పుడు నాకు సుత గిట్లనే అయింది స్రవంతీ. మొలలు గావచ్చు. ఫికర్ చెయ్యకు."

తగ్గినట్టే ఉండేది, మళ్లీ వచ్చేది. మా ఆయన ఒక ఆర్ఎంపీ దగ్గరికి తీసుకుపోయాడు. అతను నన్ను చూడకుండానే మొలలని చెప్పి మలాము రాసిచ్చాడు. చూడనందుకు నాకు కోపం రాలేదు. హమ్మయ్య అనుకున్నాను. ఎండాకాలమంతా మజ్జిగ, బార్లీ నీళ్లు, సబ్జా. బరువు తగ్గుతుంటే పక్కింటావిడ "బిడ్డకు పాలిస్తానవు కద, గట్లనే ఉంటది" అంది. ప్రతిదానికీ ఒక జవాబు దొరుకుతూనే ఉంది.

వానలు

తొలకరి పడ్డాక ఒక ఉదయం పాపను ఎత్తుకుని మెట్లు దిగుతూ కూలబడ్డాను. వెనకే వస్తున్న సరితక్క చెయ్యి చాపింది. నన్ను కాదు, పాపను పట్టుకుంది. సరైన పనే చేసింది. అయినా అంత మైకంలోనూ నాకది గుర్తుండిపోయింది.

హన్మకొండలోని దవాఖానలో డాక్టరమ్మ నా కనురెప్ప కిందికి లాగి చూసి, ఒంట్లో రక్తమే లేదంది. ఎప్పటినుంచి పోతోందని అడిగింది.

"ఎండాకాలం నుంచి మేడమ్."

"ఇంట్లో ఎవరికీ చెప్పలేదా?"

"అందరికీ చెప్పిన. వేడి అని చెప్పిన."

రాస్తున్న ఆమె పెన్ను ఆగింది.

లోపలికి కెమెరా పంపి చూసే పరీక్ష చేశారు. ఆ పరీక్ష గురించి ఎవరూ భయపడనక్కర్లేదు. ముందురోజు మందు తాగి బాత్రూమ్ చుట్టూ తిరగడమే కష్టం, తర్వాతిదంతా నిద్ర. కష్టమల్లా ఫలితం కోసం బయట కుర్చీలో కూర్చోవడం. అక్కడ ఫ్యాన్ ఒక రెక్క వంగి ఉంది. తిరిగిన ప్రతిసారీ టక్కుమని శబ్దం. మా ఆయన ఆ ఫ్యాన్‌నే చూస్తూ కూర్చున్నాడు. రిపోర్టు విన్నాక కూడా దాన్నే చూశాడు. "మీవోళ్లల్ల ఎవరికన్న ఉండెనా?" అని నన్నడిగాడు. మా నాయన కడుపునొప్పితో పోయాడు. ఏం నొప్పో ఎవరూ అడగలేదు, ఎవరూ చెప్పలేదు.

డాక్టరమ్మ నన్ను ఓదార్చాలనే అన్నది, "మన దగ్గర ఈ జబ్బు తక్కువమ్మా. వేరే దేశాల్లో చాలా ఎక్కువ." నాకు ఒళ్లు మండింది. అంత తక్కువమందిలో నేనెందుకు ఉన్నాను? దవాఖాన గేటు ముందు మిర్చి బజ్జీలు తింటున్న ఆడవాళ్లను ఆటోలోంచి చూశాను. వాళ్ల పేగులు ఎంత బాగున్నాయో అనుకున్నాను. మనుషుల్ని చూసి అట్లా అనుకోవడం అదే మొదలు.

పాలు మాన్పించమన్నారు. వేపాకు ముద్ద రాసుకున్నాను. పాప ఒకసారి నోరు పెట్టి, మొహం చిట్లించి, నా వైపు చూసింది. ఆ చూపు నేను మర్చిపోలేదు. సరితక్క వచ్చి ఎత్తుకుని తన గదికి తీసుకుపోయింది. అవతల పాప ఏడుస్తుంటే ఇవతల నా జాకెట్టు తడిసిపోయేది. కొన్నాళ్లకు ఏడుపు ఆగింది. నాకది ఏడుపుకన్నా ఎక్కువ బాధ పెట్టింది.

బతుకమ్మ రోజులు

ఆపరేషన్ నుంచి తిరిగొచ్చేసరికి బజారు నిండా తంగేడు పూలు, గునుగు కట్టలు. నా పొట్టమీద ఒక సంచి. లోపల కుట్లు మానేదాకా మలం అందులోకే వస్తుంది. దాని గురించి ఇంతకంటే చెప్పను. అలవాటవుతుంది. మొదటి వారం తనే దాన్ని మార్చిన నర్సు, నా మొహం చూసి, "అక్కా, నేను పొద్దటినుంచి గిసొంటియి మస్తు మార్చిన, నీదే నయం" అంది. ఆ ఒక్క మాటకు ఆమెకు జీవితాంతం రుణపడి ఉంటాను.

"బరువులు ఎత్తొద్దు," అన్నారు.

"పాపను ఎత్తుకోవచ్చా మేడమ్?"

"ఇంట్లో అన్నిటికన్నా బరువు పాపేనమ్మా."

సద్దుల బతుకమ్మ నాడు పైన కిటికీ దగ్గర కూర్చున్నాను. కింద ఆడవాళ్లు బతుకమ్మల చుట్టూ తిరుగుతున్నారు. సరితక్క పట్టుచీర కట్టుకుని పాపను చంకనేసుకుని ఆడుతోంది. పాపకు కొత్త లంగా కుట్టించింది, నన్నడగకుండానే. ఆమె వంగినప్పుడల్లా పాప కిలకిలా నవ్వుతోంది. ఎదురింటి ముసలమ్మ గట్టిగా అంది, "బిడ్డ అచ్చం పెద్దమ్మ పోలికేనే సరితా!"

సరితక్క కిటికీ వైపు చూసింది. నేను చూస్తున్నానని ఆమెకు తెలుసు. పాప చెయ్యి పట్టుకుని నా వైపు ఊపింది. పాప నన్ను చూడలేదు, పూలనే చూస్తోంది. నేను తెర జార్చి లోపలికి వచ్చేశాను.

ఆమెనేమనగలను? నా సంచి బట్టలు కూడా ఆమే ఉతికేది. నా పథ్యం ఆమే వండేది. ఒక్క మాట విసుక్కోలేదు. విసుక్కుంటే నాకు సులువయ్యేది. తిట్టుకోవడానికి ఒక సాకు దొరికేది.

చలి

చలికాలమంతా మందు ఎక్కించుకోవడంలో గడిచింది. ఆ మందు పడితే చల్లటిది ఏదీ తాకకూడదు. కుళాయి నీళ్లు తగిలితే వేళ్లకు కరెంటు కొట్టినట్టుండేది. గుక్కెడు చల్లనీళ్లు మింగితే గొంతు పట్టేసేది. ఒక ఎండాకాలమంతా చలువ కోసం ఏదో ఒకటి తాగినదాన్ని, ఇప్పుడు వేన్నీళ్లు ఊదుకుంటూ తాగేదాన్ని. మామయ్య ఫ్లాస్కు నింపి పంపేవాడు. ఒకసారి తనే పైకి తెచ్చి ఇచ్చాడు. ఏదో అనబోయి, మూత గట్టిగా బిగించి దిగిపోయాడు.

మందు ఎక్కేటప్పుడు ఒక చేతికి సూది, ఇంకో చేతిలో ఫోన్. చదవకూడనివన్నీ అక్కడే చదివాను. ఒక ప్రపంచ పటం దొరికింది. ఈ జబ్బుతో చనిపోయేవాళ్లు ఏ దేశంలో ఎక్కువో, ఎక్కడ తక్కువో రంగులు వేసి చూపించారు. కొన్ని దేశాలు ముదురు ఎరుపు. మనది లేత రంగు. దాని కింద రాసింది చదివితే ఇంకో సంగతి తెలిసింది. ఆ ముదురు దేశాల్లో కొన్నింటిలో ఏళ్ల తరబడి చావులు తగ్గుతూ వస్తున్నాయట. అక్కడ ఒక వయసు రాగానే ఒంట్లో ఏమీ లేకపోయినా పరీక్షకు పిలుస్తారట. కొన్నిచోట్ల పోస్టులో ఇంటికే ఒక చిన్న డబ్బా వస్తుంది. మలం కాస్త పుల్లతో తీసి అందులో పెట్టి తిరిగి పంపితే చాలు, రక్తం ఉందో లేదో వాళ్లే చెబుతారు.

ఆ డబ్బా అందుకున్న ఒకావిడను నేను ఊహించుకునేదాన్ని. గుమ్మం దగ్గర దాన్ని తీసుకుని, ఛీ ఇదొకటి అనుకుంటూ ఫ్రిజ్ మీద పడేసి, వారం రోజులు మర్చిపోతుంది. ఆమె విసుగు మీద నాకు ఎంత అసూయ పుట్టేదో చెప్పలేను. చావును ఫ్రిజ్ మీద పెట్టి మర్చిపోగల మనిషి!

అయితే అదే చోట ఇంకో మాట కూడా ఉంది. ఆ దేశాల్లో పెద్దవాళ్లలో తగ్గుతున్నా, వయసులో ఉన్నవాళ్లలో ఈ జబ్బు పెరుగుతోందట. నా ఈడు ఆడవాళ్లకు అక్కడా డబ్బా రాదు. వాళ్లకూ ఎవరో ఒకరు మొలలనే చెప్పి ఉంటారు. వాళ్ల మీద మాత్రం నాకు ఈర్ష్య రాలేదు. వాళ్లెవరో చూడకపోయినా చుట్టాల్లా అనిపించారు.

డాక్టరమ్మను అడిగాను, మన రంగు లేతగా ఎందుకుందని.

"మన దగ్గర వచ్చేవాళ్లు తక్కువ. కానీ వచ్చినవాళ్లు చాలామంది మా దాకా వచ్చేసరికి ముదిరిపోతుంది. వాళ్లు ఎవరి ఇంట్లో వాళ్లు పోతారు. ఏ జబ్బుతో పోయారో చాలాచోట్ల ఎవరూ రాసి పెట్టరు కూడా. ఆ లేత రంగును అంతగా నమ్మకు," అంది. నాకు మా నాయన గుర్తొచ్చాడు.

మందు ఎక్కించే గదిలో నా కుడి పక్క కుర్చీలో మడికొండ ఐటీ పార్కులో పనిచేసే అమ్మాయి కూర్చునేది. ఏటా వాళ్ల ఆఫీసులో చేసే పరీక్షలో రక్తం తక్కువని తేలితే, ఎందుకు తక్కువని వెతికి ముందే పట్టుకున్నారట. "నాది లక్ అక్కా" అనేది. ఆమె మంచి పిల్ల. తనకు తెచ్చుకున్న ఉప్మాలో సగం నాకు పెట్టేది. ఆ ఉప్మా తింటూనే ఆమె లక్‌ను చూసి నేను కుళ్లుకునేదాన్ని.

ఎడమ పక్క సమ్మక్క. ములుగు అవతల అడవిలో ఊరు. ఇప్పపూలు ఏరి, చింతపండు కొట్టి బతికిన మనిషి. బిడ్డను తోడు తెచ్చుకునేది. మాటకు ముందు నవ్వేది.

"ఏం జూస్తానవ్ బిడ్డా గా ఫోన్ల?" అని ఒకనాడు వంగింది. పటం చూపించాను, రంగుల సంగతి చెప్పాను.

"మా ఊరు ఏడున్నది గిండ్ల?"

వేలు పెట్టాను. నా వేలి కింద ములుగు, వరంగల్, హైదరాబాద్ అన్నీ మాయమయ్యాయి.

"అయితే నీది నాది ఒక్కటే రంగన్నట్టు," అని పకపకా నవ్వింది. నర్సు కూడా తిరిగి చూసింది. "గదెట్లయితదే? నీకు ఆటో ఎక్కితే ఇల్లు. నేను నడిచి రోడ్డుకొచ్చి, జీపెక్కి, బస్సెక్కి, మళ్ల ఆటో ఎక్కాలె. గా సూదిమందు పెట్టించుకొని అంత దూరం కక్కుకుంట పోవాలె. ఒట్టేసి చెప్తాన, నిన్ను జూస్తే నాకు కుళ్లు పుడతది బిడ్డా!"

నేను నోరు తెరిచి చూశాను. నన్ను చూసి ఒకరికి ఈర్ష్య! పొట్టకు సంచి వేలాడుతున్న నన్ను చూసి! ఆ రోజు ఆటోలో ఇంటికొస్తూ దారి ఎంత చిన్నదో మొదటిసారి చూశాను. ములుగు రోడ్డు దగ్గర సిగ్నల్ పడితే ఎప్పుడూ విసుక్కునేదాన్ని. ఆ రోజు విసుక్కోలేదు.

అదే చలికాలంలో పాపకు మాటలు వచ్చాయి. మొదటి మాట "అమ్మ". సరితక్క చీర కొంగు పట్టుకుని అన్నది. సరితక్క గాభరాపడి, "నేను గాదురా, అగో, అమ్మ ఆడున్నది" అని పాప మొహాన్ని నా వైపు తిప్పింది. పాప నన్ను చూసి, బాగా ఆలోచించి, "చిన్నమ్మ" అంది.

తప్పు ఎవరిదీ కాదు. సరితక్క కొడుకులిద్దరూ ఆమెను అమ్మా అని, నన్ను చిన్నమ్మా అని పిలుస్తారు. పొద్దస్తమానం వాళ్ల మధ్య పెరిగిన పిల్ల వాళ్లు అన్నదే అంటుంది. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఆ రాత్రి మా ఆయనతో గొడవ పెట్టుకున్నాను. "మా అమ్మగారింటికి తోలియ్యి, పాపను తీస్కొని పోత" అన్నాను. "ఎత్తుకోనీకే వస్తలేదు, ఏం తీస్కపోతవు?" అన్నాడు. అని, వెంటనే నాలుక కరుచుకుని బయటికి వెళ్లిపోయాడు.

రెండో ఎండాకాలం

ఎండలు ముదిరేసరికి మందులు అయిపోయాయి. స్కాన్ అయింది. "ఇప్పటికి" అన్న ఆ మాట అప్పుడు విన్నదే. సమ్మక్కకు చెబుదామని ఫోన్ చేశాను. చివరి రెండుసార్లు ఆమె కుర్చీ ఖాళీగా ఉంది, బస్సు దొరకలేదేమో అనుకున్నాం. సమ్మక్క బిడ్డ ఫోన్ ఎత్తింది. "అమ్మ పోయిందక్కా," అంది. "మందు ఇంక రెండుసార్లే ఉండె. ఒంట్లె చాతగాక రాలేకపోయింది. నిన్ను యాది చేసేది. ఆటో పిల్ల అనేది నిన్ను."

ఫోన్ పెట్టేసి ఆ పటం మళ్లీ తెరిచాను. రంగు అదే. ఏమీ మారలేదు.

ఆ తర్వాత కొద్దిరోజులకు, కాళ్లు ఆడాలని మెల్లగా మెట్లు దిగి దుకాణంలోకి పోయాను. మామయ్య కాగితం పరిచి పొట్లం కడుతున్నాడు. సబ్జా, బార్లీ, కలకండ, గులాబీ రేకులు. గల్లా ముందు గిరాకీ ఎవరూ లేరు.

"ఎవరికి మామయ్యా?"

"పైకే. పెద్ద కోడలికి. జర వేడి చేసిందట..."

అంటూనే ఆయన చెయ్యి ఆగిపోయింది. నా మొహం చూశాడు. పొట్లం మీద దారం సగం చుట్టి ఉంది. ఇద్దరం దానివైపే చూశాం. నాకు కట్టి ఇచ్చింది కూడా ఆ చెయ్యే.

ఎక్కడా ఆగకుండా మెట్లెక్కాను. సరితక్క బట్టలు మడత పెడుతోంది. పాప ఆ బట్టల కుప్పలో దొర్లుతోంది.

"ఎన్నిరోజులాయె అక్కా?"

"ఏంది?"

"రక్తం. ఎన్నిరోజుల సంది పడతాంది?"

ఆ మాట మా ఇంట్లో ఎవరూ అంత గట్టిగా అనలేదు. ఆమె గభాలున తలుపు వైపు చూసింది. "మెల్లగనే! ఏం లేదు. మొలలు. చిన్నోడప్పటి సంది ఉన్నయే. ఎండలకు ఎక్కువైనయ్."

"దవాఖానకు పోదాం నడువ్."

"నీకొచ్చిందని అందరికొస్తదా?" మొదటిసారి ఆమె గొంతులో విసుగు విన్నాను. "నువ్వట్లుంటివి. నేను సుత పోయి దవాఖానల పండుకుంటే ఇల్లెవరు జూస్తరు? పిల్లలనెవరు జూస్తరు? నువ్వు జూస్తవా?"

ఆమెకు కూడా ఆ మాట గుచ్చుకున్నట్టుంది, చేతిలో ఉన్న లంగాను మళ్లీ మళ్లీ మడిచింది. నేను నేల మీద కూలబడ్డాను.

"నేను జూడలేనక్కా. అందుకే అంటాన. డాక్టరమ్మ నాకు ఇప్పటికి ఏం లేదన్నది, ఇప్పటికి. రేపేమైతదో నాకెరుక లేదు. నువ్వు లేకుంటే నా బిడ్డకెవరున్నరు?"

అన్నాకే నాకు అర్థమైంది. ఏడాదిగా ఏ మనిషి నా చోటు తీసుకుంటోందని మండిపోయానో, ఆ మనిషి ఆ చోట ఉంటుందన్న ధైర్యంతోనే ప్రతిసారీ ఆపరేషన్ గదిలోకి, మందు గదిలోకి పోయాను. నేను పోయినా పాప ఏడవదు అన్న నొప్పి వెనకే, నేను పోయినా పాప ఏడవదు అన్న నిశ్చింత కూడా ఉంది. ఇప్పుడు ఆ నిశ్చింత కింద నేల కదులుతోంది.

సరితక్క చేతిలోని లంగాను కింద పెట్టింది. పాప ఆమె చెయ్యి లాగి "అమ్మా" అంది. "రేపు పోదాం," అంది ఆమె, పాపతో అన్నట్టుగా.

ఈసారి బయట కుర్చీలో నేను కూర్చున్నాను. అదే ఫ్యాన్, అదే వంగిన రెక్క. లోపల రోగి, బయట మనిషి, రెంటిలో ఏది కష్టమని ఎవరైనా అడిగితే నాకిప్పుడు జవాబు తెలుసు. మా ఆయన మీద అప్పటిదాకా ఉన్న కోపం చాలావరకు ఆ కుర్చీలో పోయింది. ఆ ఫ్యాన్‌ను చూడకుండా ఉండటం ఎవరి తరమూ కాదు.

డాక్టరమ్మ నన్ను లోపలికి పిలిచి, సరితక్క మంచం పక్కనే నిలబడి చెప్పింది. రక్తం మొలలదే. మత్తులోనే ఉన్న సరితక్క ఆ ఒక్క మాట విని, "చెప్పిన కద! మొలలే అని!" అని గొణిగింది.

"మొలలేనమ్మా. కానీ పైన చిన్న కండ పెరిగి ఉంది. తీసేశాం, పరీక్షకు పంపుతాం," అంది డాక్టరమ్మ.

ఆ కండ ఇంకా క్యాన్సర్‌గా మారలేదని తర్వాత రిపోర్టు వచ్చింది. వదిలేస్తే ఏళ్ల మీద మారగలిగే రకమట. మళ్లీ కొన్నేళ్లకు వచ్చి చూపించుకుంటే చాలన్నారు. ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకున్నారు. నేను సరితక్కను పట్టుకుని ఏడ్చాను. అవి సంతోషం కన్నీళ్లే అనుకున్నారు. చాలావరకు అంతే. కానీ అడుగున ఇంకొకటి ఉంది. ఆమెకు కొన్నేళ్లు. నాకు మూడు నెలలకోసారి స్కాన్. ఫ్రిజ్ మీద డబ్బా పెట్టి మర్చిపోయే ఆ దూరదేశపు ఆవిడ లాంటి అదృష్టం నా పక్క గదిలోకే వచ్చింది, నేనే చెయ్యి పట్టి తీసుకొచ్చాను. అయినా నాది కాదే అని గుండె మండింది. ఇది ఆమెకు చెప్పలేదు. చదివితే తెలుస్తుంది. ఆమె చదువుతుందనే అనుకుంటున్నాను.

ఇప్పుడు

మళ్లీ వానలు. నా సంచి తీసేసి పేగు కలిపారు. డాక్టరమ్మ చెబితే మా అన్నయ్య కూడా పరీక్ష చేయించుకున్నాడు. ఇంట్లో ఒకరికి చిన్న వయసులో వస్తే, తోబుట్టువులు, కన్నవాళ్లు చూపించుకోవాలట. ఇది చదివేవాళ్లు ఈ ఒక్క ముక్కైనా గుర్తుంచుకోండి.

మామయ్య వేడి పొట్లం మానేస్తాడేమో అనుకున్నాను. మానలేదు, పద్ధతి మార్చాడు. మొన్న తొర్రూరు నుంచి ఒకాయన వచ్చాడు. నేను దుకాణంలోనే ఉన్నాను.

"సేటూ, జర వేడి చేసింది. పొట్లం గట్టు."

"ఏడ చేసింది వేడి?"

"ఏడంటే... వేడి సేటూ."

"రక్తం పడతాందా?"

ఆయన బిత్తరపోయి అటూ ఇటూ చూశాడు. పప్పు తూయించుకుంటున్న ఆడవాళ్లు తల తిప్పుకున్నారు. "మెల్లగనవయ్యా! నలుగురున్నరు."

"నలుగురు వినాలెననే అంటాన తమ్మీ. పడతాందా, లేదా?"

"...అప్పుడప్పుడు."

"అయితే పొట్లం ఇయ్య. ముంగట దవాఖానకు వో. చూపిచ్చుకొని రా, గప్పుడు ఉత్తగనే ఇస్త."

ఆయన గొణుక్కుంటూ వెళ్లిపోయాడు. దవాఖానకు పోయాడో, పక్క దుకాణానికి పోయాడో తెలియదు. మామయ్య గల్లా మీద చేతులు పెట్టుకుని ఆయన పోయిన వైపే చూస్తూ కూర్చున్నాడు.

సరితక్క పరీక్ష జరిగిన రోజు సాయంత్రం సంగతి ఒకటి రాయలేదు. ఇంటికొచ్చి ఆమెను పడుకోబెట్టాం. మత్తు పూర్తిగా దిగలేదు. పాప మంచం దగ్గరికి పోయి "అమ్మా, పాలు" అని లాగింది. సరితక్క కళ్లు తెరవకుండానే, "చిన్నమ్మనడుగు బిడ్డా" అంది.

పాప నా దగ్గరికొచ్చింది. "చిన్నమ్మా, పాలు."

పాలు కాచి గ్లాసులో పోశాను. మందుల వల్ల నా వేళ్ల కొసలు ఇప్పటికీ మొద్దుబారి ఉంటాయి. వేడి ఎంతో వాటికి తెలియదు. గ్లాసును పెదవికి ఆనించి చూశాను. చల్లార్చి, మళ్లీ చూశాను. పాపను ఎత్తి ఒళ్లో కూర్చోబెట్టుకున్నాను. సంచి మీద పడకుండా కాళ్లు పక్కకు తిప్పాను. బరువెక్కింది. ఇంత బరువైందని నాకు తెలియదు.

"స్రవంతీ," లోపలినుంచి మత్తు గొంతు, "పాలు వేడిగున్నయేమో జూడు. నాలుక కాలుతది దానికి."

"నాకు తెల్సక్కా. నువ్వు పండుకో!"

నా గొంతులో చిరాకు నాకే వినబడింది. నా బిడ్డకు పాలు పట్టడం నాకు నేర్పుతుందా? ఆమె పక్కకు ఒత్తిగిలి ఇంకా ఏదో సణిగింది, చెంచా వెయ్యమనో, మీగడ తియ్యమనో. పాప రెండు చేతులతో గ్లాసు పట్టుకుని గటగటా తాగుతోంది, పైపెదవి మీద తెల్లటి గీత.

ఆ సణుగుడు నేను ఇంకా చాలా ఏళ్లు వినాలి. వినేటప్పుడల్లా ఇట్లాగే చిరాకు పడాలి.